వినని కబురు

“దీపం నేను పెట్టను. మీరే పెట్టండి,” అంది చౌడేశ్వరమ్మ, దేవుడి గది గడపకు ఇవతలే నిలబడి.

వెంకటప్పయ్య అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని భార్య వంక చూశాడు. నలభై రెండేళ్ల కాపురంలో ఆయన ఆ గదిలో అగ్గిపుల్ల గీసిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ వారంలోనే ఇది నాలుగోసారి.

“ఇవాళ కూడానా? శుక్రవారం పూటా?”

“ఇవాళ కూడానే.”

“పోనీ ఆ పిల్లకి బొట్టన్నా పెట్టు. మంచి పని మీద వెళ్తంది.”

“బొట్టు కూడా మీరే పెట్టండి.”

అనేసి ఆవిడ వెనక గదిలోకి వెళ్లిపోయింది. పాత మగ్గం కర్రలు, పన్నెలు, విరిగిన రాట్నాలు పడేసిన గది అది. సోమవారం నుంచి ఆవిడ చాప ఆ గదిలోనే ఉంది. అడిగితే నడుం నొప్పి అంటోంది. నడుం నొప్పి ఉన్న మనిషి మెత్తని పరుపు వదిలి కటిక నేల మీద ఎందుకు పడుకుంటుందో ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

హాల్లో కుర్చీలో కూర్చున్న రాజ్యశ్రీ ఈ మాటలన్నీ విన్నది. ఆమె మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరు. పదమూడేళ్ల సర్వీసు, మేజర్ హోదా. తూటా దెబ్బలు తిని వచ్చిన కుర్రవాళ్ల పక్కన చెయ్యి వణక్కుండా నిలబడ్డ మనిషి. అత్తగారు మాట్లాడకపోతే మాత్రం ఆమెకు ముద్ద దిగదు. కోపమొస్తే తిట్టే అత్తగారితో ఎలాగైనా వేగొచ్చు గాని, కోపమొస్తే తప్పుకుని తిరిగే అత్తగారితో ఏ కోడలు వేగగలదు?

పోయిన ఆదివారం గొడవ ఇంకా ఆరలేదని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు. ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే పుడతారని ఆవిడ అనడం, మానను గాక మాననని రాజ్యశ్రీ అనడం, విస్తళ్ల ముందు నుంచి ముగ్గురు లేవడం, అన్నీ అయ్యాయి. ఆ మర్నాటి నుంచే ఈ అంటీముట్టని వ్రతం మొదలైంది.

భానుచందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. తల్లి గది తలుపు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

“రాజీ, నాకేం బాగోలేదు,” అన్నాడు.

“ఏంటి బాగోలేనిది?”

“అమ్మని ఇంత కష్టపెట్టి తెచ్చుకునే బిడ్డ మనకి అచ్చొస్తాదా?”

రాజ్యశ్రీ మాత్రల చీటీ సంచీలో పెట్టుకుంది. అచ్చురావడం సంగతి దేవుడెరుగు, అసలు రావడమే ఈ ఒక్క పూట మీద ఆధారపడి ఉంది. ఆసుపత్రిలో మూడు ఎంబ్రియోలను, వాళ్లిద్దరి పిండాలను, భద్రం చేసి పెట్టారు. రెండు నిరుడు నిలవలేదు. మిగిలింది ఒక్కటే. గర్భసంచి లోపల పొర సిద్ధం కావడానికి పద్దెనిమిది రోజులుగా మాత్రలు మింగుతోంది. డాక్టరు చెప్పిన రోజు ఇవాళ. సెలవు మంగళవారంతో అయిపోతుంది. ఆ తర్వాత లద్దాఖ్ వైపు ఫీల్డు ఆసుపత్రిలో రెండేళ్లు. వచ్చేసరికి ఆమెకు ముప్ఫై ఎనిమిది. ఇవాళ పని జరిగి బిడ్డ నిలిస్తే ఆ పోస్టింగు ఆగుతుంది. జరక్కపోతే మళ్లీ మొదటికొస్తుందో, అసలు మొదలే ఉండదో ఎవరూ చెప్పలేరు.

“మీరు సంతకం పెడతారుగా?” అని మాత్రం అడిగింది.

భానుచందర్ చెప్పుల కోసం వెతుక్కుంటూ బయటికి వెళ్లాడు.

*

సూర్యారావుపేటలోని ఆ ఆసుపత్రికి రెండు ఆటోల్లో వెళ్లారు. ఒక దాంట్లో ముగ్గురు, వెనక దాంట్లో చౌడేశ్వరమ్మ ఒక్కతీ. ఒక ఆటోలో నలుగురూ పడతారని డ్రైవరు చెప్పినా ఆవిడ వినలేదు.

అక్కడ రాజ్యశ్రీ చిన్ననాటి స్నేహితురాలు వినీల కాచుకుని ఉంది. ఇద్దరూ మైలవరంలో ఒకే బెంచీ మీద పదో తరగతి చదివారు. వినీల ఇప్పుడు లాయరు. ఢిల్లీలో ఒక ఎంపీ గారు ప్రైవేటు మెంబరు బిల్లు ఒకటి తయారుచేస్తున్నారు. సంతానం కోసం వైద్యం చేయించుకునే సైనికులకు, సైన్యంలో పనిచేసే ఆడవాళ్లకు విడిగా సెలవు ఇవ్వాలని, మిలిటరీ ఆసుపత్రి దూరమైతే ఊళ్లో ఆసుపత్రి ఖర్చు భరించాలని, వైద్యం మధ్యలో ఉండగా పోస్టింగు మార్చకూడదని అందులో రాయబోతున్నారు. దానికోసం ఆడ ఆఫీసర్ల అనుభవాలు పోగుచేసే పని వినీల నెత్తిన వేసుకుంది. నెత్తిన వేసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

“మూడు పేజీలు రాయమంటల్లేదే. నీకు కావాల్సింది ఒక్క మాటలో చెప్పు, మిగతాది నేను అల్లుకుంటా,” అంది వినీల.

రాజ్యశ్రీ చేతిలో లీటరు నీళ్ల సీసా ఉంది. లోపలికి తీసుకెళ్లేలోపు అదంతా తాగాలి. కడుపు నిండా నీళ్లుంటేనే స్కానింగులో దారి సరిగ్గా కనిపిస్తుందట.

“రోజులు,” అంది ఒక గుక్క తాగి. “డబ్బు ఎట్టాగో తంటాలు పడతాం. మందులు ఎక్కడన్నా దొరుకుతాయి. రోజులే దొరకవు. నా ఒంటికొక లెక్క, ఆర్మీకొక లెక్క. ఆ రెండూ కలిసే రోజు ఏడాదికి ఒకటొస్తే గొప్ప.”

గేటు పక్కన, చెప్పుల స్టాండు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న చౌడేశ్వరమ్మ తలెత్తింది. ఆసుపత్రికి వచ్చాక ఆవిడ నోరు విప్పడం అదే.

“ఏమ్మా లాయరమ్మా, ఇంట్లో ఏదన్నా అయితే ఆగిపోయే రోజులు కూడా రాస్తారా మీ బిల్లులో?”

“ఏదన్నా అంటే ఏంటండీ?”

“ఏదన్నా అంటే ఏదన్నానే. మనుషులున్న ఇల్లన్నాక ఏదో ఒకటి అవకుండా ఉంటదా?”

“అట్టాంటివి చట్టంలో రాయటం కష్టమండీ.”

“అదేలే,” అని చౌడేశ్వరమ్మ మళ్లీ తల దించుకుంది. ఆవిడ కళ్లు వాచి ఉండటం రాజ్యశ్రీ అప్పుడే చూసింది. అయినా తెల్లవార్లూ తన మీద కోపంతో రగిలిపోతే కళ్లు వాయవా మరి, అనుకుంది. కష్టంలో ఉన్న మనసు ఎదుటి మనిషి కళ్లను కూడా తన లెక్కలోనే వేసుకుంటుంది.

పదిన్నరకు నర్సు ఫైలు పట్టుకుని వచ్చింది.

“ఇక్కడ మేడం, ఇక్కడ సార్. ఇద్దరూ చదువుకుని పెట్టండి.”

రాజ్యశ్రీ పెట్టింది. భానుచందర్ పెన్ను తీసుకున్నాడు, మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు.

“నేను పెట్టకపోతే?”

నర్సు వినీల వంక చూసింది. వినీల గొంతు సవరించుకుంది.

“పెట్టకపోతే జరగదు భానూ. చట్టం ప్రకారం ఇద్దరూ రాసివ్వాలి. పెట్టేశాక కూడా, లోపల పెట్టేదాకా ఎప్పుడైనా వద్దనొచ్చు. ఆ హక్కు తనకెంతో నీకూ అంతే. నిన్ను బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు, నాతో సహా.”

“నేను వద్దనటం లేదండీ. నాకూ కావాలి. కానీ మా అమ్మ నాలుగు రోజుల్నించి నా పెళ్లాం నీడ కూడా తొక్కటం లేదు. ఇంటికి పెద్దది. రేపు ఆ బిడ్డనైనా ఎత్తుకుంటాదన్న నమ్మకం నాకేంటి?”

అని ఫైలు కుర్చీలో పడేసి బయటికి నడిచాడు. రాజ్యశ్రీ కూడా లేచింది. ముప్పావు లీటరు నీళ్లు కడుపులో పెట్టుకుని మొగుడి వెంట పరిగెత్తడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

చెప్పుల స్టాండు దగ్గర కొడుకు తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

“అమ్మా, ఒక్క మాట చెప్పు. నీకిష్టమేనా, కాదా?”

“ఇష్టం కాకపోతే ఇక్కడిదాకా ఎందుకొస్తాన్రా?”

“మరి దాని నెత్తిన చెయ్యి పెట్టు. నాలుగు అక్షింతలెయ్యి. నేను పోయి సంతకం పెడతా.”

“నేను ముట్టుకోను.”

“చూశావా? అదే నేననేది.”

చౌడేశ్వరమ్మ కుర్చీలోంచి లేచింది. కొడుకు దగ్గరకు వస్తే రెండడుగులు వెనక్కి వేసింది.

“ఒరే చందూ, చెప్పేది సరిగ్గా విను. నేను ఎవర్నీ ముట్టుకోకుండా ఈ నాలుగు రోజులూ ఎందుకున్నాననుకున్నావు? కోపంతోనా? నీ పెళ్లాం పని చెడకూడదనే. నా కోపం ఆదివారం రాత్రే పోయింది.”

“అంటే?”

“అంటే అంతే. ఇంకొక్క మాట అడిగావంటే మాత్రం చెడిద్ది. అడగమాక.”

భానుచందర్ ముఖంలో ఏదో వెలిగింది. “మొక్కుకున్నావా అమ్మా?” అన్నాడు మెల్లగా.

ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. పైట చెంగుతో మొహం తుడుచుకుని వీధి వైపు చూసింది. మొక్కు సంగతి బయటపెడితే ఫలించదని ఆ ఇంట పుట్టిన ప్రతివాడికీ తెలుసు. భానుచందర్ ఇంకేమీ అడగలేదు. చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. నర్సు ఆపకపోతే చూపించని చోట కూడా పెట్టేవాడే.

రాజ్యశ్రీ అక్కడే నిలబడిపోయింది.

“అత్తయ్యా, నేనేమో మీరు...”

“నువ్వేమనుకున్నావో నాకు తెలుసులే. ముందు లోపలికెళ్లు. నీళ్లు తాగావా?”

“తాగానండీ.”

“మిగతాది కూడా తాగు. సగం సగం పనులు మనకొద్దు.”

*

లోపల ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. తెర మీద బూడిద రంగు చీకట్లో తెల్లని చుక్క ఒకటి మెరిసి ఆగింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించి, “చాలా బాగా జరిగింది మేజర్ గారూ, మీరింక హాయిగా పడుకోండి,” అంది. రాజ్యశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్ని వందలమందికి ఆ మాట తను చెప్పింది. తనకు ఎవరైనా చెప్పి ఎన్నాళ్లయింది.

వరండా వైపు గదిలో పడుకోబెట్టారు. పక్కనే తెరిచిన కిటికీ, సగం మూసిన తెర. గుండె మీద నుంచి పెద్ద బండరాయి దించినట్టుంది ఆమెకు. నిలుస్తుందో లేదో రెండు వారాలకు గాని తెలియదు. అయినా ఇవాళ్టి పని ఇవాళ జరిగింది. అత్తగారికి కోపం లేదు. మొగుడు సంతకం పెట్టాడు. ఇంతకన్నా ఒక మనిషికి ఒక్క పూటలో ఏం కావాలి?

భానుచందర్ మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు. వినీల కోర్టు టైమైందని వెళ్లిపోయింది. వరండాలో కిటికీ కింద బల్ల కిర్రుమంది. మావగారి గొంతు, కాస్త దూరంగా అత్తగారి గొంతు వినిపించాయి.

“అయిపోయిందంటగా?”

“అయిపోయింది. బాగా జరిగిందంది డాక్టరమ్మ.”

“హమ్మయ్య.” వెంకటప్పయ్య గొంతు తగ్గించాడు. “ఇప్పుడన్నా చెప్పు. ఏం మొక్కుకున్నావు? ఎక్కడికెళ్లాలి? నేను కూడా సిద్ధమవుతా.”

“మొక్కు కాదండీ.”

“మరి?”

“సోమవారం పొద్దున మీరు కొట్టు తీయటానికి దిగారు చూడండి. అప్పుడు ధర్మవరం నించి ఫోనొచ్చింది.”

బల్ల మళ్లీ కిర్రుమంది. ధర్మవరంలో వెంకటప్పయ్యకు ఉన్నది ఒక్కడే. పినతండ్రి కొడుకు తిరుపతిరావు. ఒకే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పెరిగిన అన్నదమ్ములు. అమ్మవారి ఉత్సవంలో జ్యోతి తలకెత్తుకునే వరస ఎవరిదన్న పంతం మీద విడిపోయి పద్దెనిమిదేళ్లయింది. ఈ కథంతా రాజ్యశ్రీ కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒక్కసారి విన్నది. మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

“తిరుపతే చేశాడా?”

“వాళ్లావిడ చేసింది.”

“వాడు చెయ్యలేదా?”

చౌడేశ్వరమ్మ మాట్లాడలేదు.

లోపల మంచం మీద రాజ్యశ్రీ ఒక్కొక్కటీ కలుపుకుంది. చాప, వెనక గది, ముట్టని దీపం, విడి ఆటో. మైల. ఆ ముక్క ఇన్నాళ్లు ఎవరికీ ఎందుకు తట్టలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మైల వస్తే ఇంటిల్లిపాదికీ వస్తుంది. ముందు మగవాళ్లకు వస్తుంది. వాళ్లను వదిలేసి, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన అత్తగారు ఒక్కతే మైల పట్టడం లోకంలో ఎక్కడైనా ఉందా? కానీ చావు కబురు విన్నవాళ్లకే మైల. విన్నది ఆవిడ ఒక్కతే. విన్న మాట నోట్లోనే అదిమిపెట్టుకుని, ఇంట్లో మిగతా అందరినీ వినని వాళ్లుగా ఉంచింది.

“ఆగు,” అన్నాడు వెంకటప్పయ్య. “ఇంకేం చెప్పమాక.”

“మీకు చెబితే మీరు విన్నట్టు. మీరు వింటే మీ కొడుకు విన్నట్టే. పదిరోజులు ఇంట్లో ఏ శుభకార్యం పనికి రాదంటారు. ఆ పిల్లకి పదిరోజులెక్కడున్నాయి? ఈ మాట మీకు సోమవారమే చెబితే ఇవాళ సంతకం పెట్టనిచ్చేవాళ్లా?”

ఆయన అబద్ధం ఆడలేదు. “పెట్టనిచ్చేవాణ్ణి కాదు,” అన్నాడు.

“అందుకే. తప్పే చేశాను. చివరి చూపు లేకుండా చేశాను మీకు. ఈ నాలుగు రోజులూ మీరు దీపం పెడతంటే చూళ్లేక చచ్చిపోయాను. తిట్టండి. కొట్టినా పడతాను.”

“విననిదానికి ఎట్టా తిడతానే?”

కిటికీ అవతల ముసలాయన ముక్కు చీదుకోవడం వినిపించింది. రాజ్యశ్రీ తలగడలో మొహం దాచుకుంది. నాలుగు రోజులుగా ఆ మనిషిని మనసులో ఎన్ని మాటలు అనుకుంది తను. పైకి అననందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఉద్యోగం మానెయ్యమన్న నోరే, ఆ ఉద్యోగం ఇచ్చిన నాలుగు రోజుల్ని కాపాడటానికి మూసుకుంది. అత్తగారి మీద అంత ప్రేమ ఆమెకు ఈ ఎనిమిదేళ్లలో ఎప్పుడూ రాలేదు.

అంతలో వరండాలో చెప్పుల చప్పుడైంది. భానుచందర్ గొంతు.

“నాన్నా, ధర్మవరం నించి ఫోను. తిరుపతిరావు బాబాయ్ వాళ్లబ్బాయంట. నా నంబరు ఎవరిచ్చారో ఏమో. ఏదో చెప్పాలంట, నాకు చెప్పనంటన్నాడు. మీకే చెబుతాడంట.”

రాజ్యశ్రీ మోచేతి మీద లేచి తెర సందులోంచి చూసింది. చౌడేశ్వరమ్మ వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. వెంకటప్పయ్య, కొడుకు చాచిన ఫోను వంక చూశాడు. తర్వాత తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఆఁ, నేనే. పెదనాన్ననే. ఆగు నాయనా, ఏం చెప్పమాక. నేనొస్తన్నా. ఇవాళ బండికే. నేనొచ్చాక, మీ అరుగు మీద కూర్చున్నాక, అప్పుడు చెబుదువుగాని. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ ఫోను చెయ్యమాక. అమ్మని జాగ్రత్తగా చూసుకో.”

ఫోను కొడుకు చేతికిచ్చి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఏంటి నాన్నా ఇది? పద్దెనిమిదేళ్లు పేరెత్తనివ్వలేదు. ఇప్పుడు ఉన్నపళంగా వెళ్తానంటే?”

“చూడాలనిపించింది.”

“నేనూ వస్తా.”

“నువ్వొద్దు. నీ పెళ్లాం దగ్గరుండు.”

ఆయన మెట్లు దిగాడు. చౌడేశ్వరమ్మ నాలుగడుగుల దూరంలో ఆయన వెనకే దిగింది. భానుచందర్ అటే చూస్తూ కాసేపు నిలబడి, మందుల సంచీ పట్టుకుని గదిలోకి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని భార్య చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. అతని చెయ్యి వెచ్చగా ఉంది. ఈ పొద్దుటి కన్నా పదేళ్లు చిన్నవాడిలా ఉన్నాడు.

“రాజీ, నాన్నకేమైంది? ఇక్కడ ఏమన్నా మాట్లాడుకున్నారా వాళ్లు? నీకేమన్నా వినపడిందా?”

ఎనిమిదేళ్లలో రాజ్యశ్రీ ఆ మనిషికి ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

“లేదండీ. ఏమీ వినపడలేదు,” అంది.

భానుచందర్ తలూపాడు. చెయ్యి వదల్లేదు. అతని చూపు మెల్లగా ఆమె తల పక్కకు జరిగి, బార్లా తెరిచి ఉన్న కిటికీ మీద ఆగింది.